కర్ల్‌లో చిన్న జెడ్: పనిమంతుడే, తేదీ తప్పితే మాత్రం నోరు విప్పడు

ధరల పట్టికో, సిలబస్ పీడీఎఫ్‌నో రోజూ ఒకే అడ్రసు నుంచి దించుకునే చోట ‘మారితేనే తే, లేకపోతే వదిలెయ్’ అని చెప్పడానికి కర్ల్‌లో (curl, కమాండ్ కొట్టి నెట్ నుంచి ఫైళ్లు దించుకునే ప్రోగ్రాం) ఉన్న ఆప్షన్ చిన్న జెడ్ (-z). మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చే ఆమదాలవలస, బొబ్బిలి వైపు చిన్న ఆఫీసులకి డేటా మిగిల్చే సరుకు ఇది. పైసా ఖర్చు లేదు. విండోస్ 10లో 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి కర్ల్ సిస్టంతోనే వస్తోంది. ఐదుకి మూడున్నర ఇవ్వచ్చు. పోయిన ఒకటిన్నర తేదీల దగ్గరే పోయింది.

జెడ్ తర్వాత తేదీ ఇవ్వచ్చు, ఫైల్ పేరూ ఇవ్వచ్చు; ఆ సమయం తర్వాత సర్వర్‌లో మారితేనే దించమని షరతు. ఇచ్చినదాన్ని కర్ల్ ముందు తేదీగా చదవబోతుంది. కుదరకపోతే ఆ పేరుతో ఫైల్ ఉందేమో చూసి, అది చివరిసారి మారిన సమయం తీసుకుంటుంది. అదీ లేకపోతే ‘ఇల్లీగల్ డేట్ ఫార్మాట్’ అని ఒక హెచ్చరిక పడేసి, షరతు ఎత్తేసి, మొత్తం ఫైల్ దించేస్తుంది. ఎగ్జిట్ కోడ్ మాత్రం 0, అంటే అంతా సవ్యమేనని. స్క్రిప్టులో చిన్న ఎస్ (నోరు మూసుకుని పని చెయ్ అనే ఆప్షన్) పెట్టి ఉంటే ఆ హెచ్చరిక కూడా కనబడదు. నెలాఖరుకి డేటా ప్యాక్ ఎటు పోయిందో ఎవరికీ అంతుపట్టదు. అలాగే పొడిగింపు లేకుండా 20240911 అని పేరు పెట్టిన ఫైల్‌ని కర్ల్ ఫైల్ అనుకోదు, తేదీ అనుకుంటుంది.

మన దగ్గర ఎక్కువగా చేసే తప్పు తేదీ చివర ఐఎస్‌టీ (మన ప్రామాణిక కాలం) అని రాయడం. జీఎంటీ, సీఈటీ, ఈఎస్‌టీ లాంటి టైమ్ జోన్ పేర్లు కర్ల్‌కి తెలుసు. ఐఎస్‌టీ దాని జాబితాలోనే లేదు. ఆ మూడక్షరాలు ఇండియాకీ, ఇజ్రాయెల్‌కీ, ఐర్లాండ్‌కీ కూడా చెల్లుతాయి కాబట్టి లేకపోవడమే నయం. ప్లస్ గుర్తు పెట్టి 0530 అని నాలుగంకెలు కలిపి రాయాలి, మధ్యలో కోలన్ వద్దు. జోన్ అసలు రాయకపోతే జీఎంటీ అనుకుంటుంది. అంటే మీరు ఉదయం 10 గంటలన్నది దానికి మన మధ్యాహ్నం మూడున్నర.  తేడా ఏకంగా ఐదున్నర గంటలు.

నెలని అంకెల్లో రాసి మధ్యలో గీతలు పెడితే కూడా చదవలేదు. నెల పేరు ఇంగ్లిష్‌లో ఉండాలి, లేదా ఏడాది, నెల, రోజు కలిపి 8 అంకెలుగా ఉండాలి. ఇక్కడే ఇంకో మెలిక. లినక్స్‌లో భాష తెలుగుకి మార్చుకున్న మెషీన్‌లో డేట్ కమాండ్‌తో నెల పేరు తెచ్చి జెడ్‌కి ఇస్తే ‘జనవరి’ అని తెలుగులో వెళ్తుంది. కర్ల్ దాన్ని తేదీగా గుర్తించదు. డేట్ కమాండ్‌కి పెద్ద ఆర్ తగిలిస్తే ఏ భాషలో ఉన్నా ఇంగ్లిష్ పేరూ, ప్లస్ 0530 రెండూ సరిగ్గా వస్తాయి.

విండోస్ వాళ్లకి రెండు ఉచ్చులు. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ 5.1లో ఉత్త కర్ల్ అని కొడితే నడిచేది కర్ల్ కాదు, ఆ పేరు తగిలించుకున్న పవర్‌షెల్ సొంత కమాండ్. చివర డాట్ ఈఎక్స్ఈ చేర్చాలి. రెండోది ఇంకా చెడ్డది. పవర్‌షెల్‌లో తేదీ చెప్పే గెట్ డేట్ కమాండ్‌ని ‘ఆర్’ ఫార్మాట్ అడిగితే మన స్థానిక సమయాన్నే రాసి పక్కన జీఎంటీ అని అంటిస్తుంది. చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, కర్ల్ హెచ్చరిక కూడా ఇవ్వదు. కానీ తేదీ ఐదున్నర గంటలు భవిష్యత్తులో ఉంటుంది. టు యూనివర్సల్ టైమ్‌తో జీఎంటీకి మార్చాకే ఆ ఫార్మాట్ అడగాలి.

ఈ గొడవలన్నీ తప్పాలంటే తేదీ రాయడం మానేసి ఫైల్ పేరే ఇవ్వడం మేలు. వరస ఇది: కర్ల్, పెద్ద ఆర్, చిన్న జెడ్, ఫైల్ పేరు, చిన్న ఓ (ఏ పేరుతో దాచాలో చెప్పేది), మళ్లీ అదే ఫైల్ పేరు, చివర అడ్రసు. మొదటిసారి ఫైల్ ఉండదు కాబట్టి పైన చెప్పిన హెచ్చరిక వస్తుంది, కంగారు అక్కర్లేదు. పెద్ద ఆర్ మాత్రం మరవకూడదు. సర్వర్ ‘లాస్ట్ మాడిఫైడ్’ అని పంపిన సమయాన్నే అది ఫైల్‌కి వేస్తుంది. అది లేకపోతే మీ మెషీన్ గడియారం చూపే దించిన వేళ పడుతుంది. ఇంజిన్ ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా మీ ఫైల్‌దీ, తన ఫైల్‌దీ రెండు సమయాలూ సెకనుతో సహా సరిపోతేనే 304 (‘మారలేదు’) ఇస్తుంది, లేకపోతే 200 (‘సరే, ఇదిగో’) అని ఫైల్ పంపబోతుంది. అపాచీ అనే ఇంకో సర్వర్ సాఫ్ట్‌వేర్ అంత పట్టుబట్టదు.

అసలు ప్రమాదం గడియారం ముందుకి పోయినప్పుడు. పాత డెస్క్‌టాప్‌లో గడియారాన్ని నడిపే సీఆర్ 2032 బ్యాటరీ బిళ్ల చచ్చిపోయి, కరెంటు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు తేదీ చేత్తో దిద్దుతుంటారు. అలా నెల తప్పు పడి, పెద్ద ఆర్ లేకుండా ఫైల్ దిగిందనుకోండి. సర్వర్‌లో కొత్తది వచ్చినా కర్ల్ కళ్లకి అది మీ దగ్గరున్నదానికంటే పాతదే. సర్వర్ 200 అన్నా కర్ల్ తనంతట తానే 304 అని నటించి చేతులు దులుపుకుంటుంది. ఎర్రర్ లేదు, పాత ధరలే నడుస్తుంటాయి. చిన్న వీ (జరిగేదంతా చూపించే ఆప్షన్) పెట్టి చూస్తే ‘సిమ్యులేట్’ అన్న మాటతో ఒక లైన్ వస్తుంది, అదే ఆనవాలు. అదే వీలో ‘ఇఫ్ మాడిఫైడ్ సిన్స్’ లైన్ అసలు లేకపోతే మీరిచ్చిన తేదీ దానికి అర్థం కాలేదన్నమాట.

గడియారం వెనక్కి పోతే ఇంత గుట్టు ఉండదు. హెచ్‌టీటీపీఎస్ దగ్గరే సాధారణంగా ఎర్రర్ 60 వస్తుంది, సైట్ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని. దానికి చిన్న కే పెట్టి దాటేసే అలవాటుంది కొందరికి. అది తనిఖీనే తీసేస్తుంది, వద్దు. పెద్ద ఐతో (ఫైల్ లేకుండా జవాబు వివరాలు మాత్రమే చూపించేది) ఏదైనా మామూలు హెచ్‌టీటీపీ అడ్రసు అడిగి, జవాబులో ‘డేట్’ లైన్‌ని మీ మెషీన్ యూటీసీ సమయంతో పోల్చండి. నిమిషం పైన తేడా ఉంటే ముందు బిళ్ల మార్చండి, వాచీల కొట్టులో దొరుకుతుంది. తర్వాత టైమ్ సింక్ ఆన్ చేయండి. ఆన్ చేసినా కుదరకపోతే రౌటర్‌లో టైమ్ సింక్ వాడే యూడీపీ 123 పోర్టు మూసి ఉందేమో చూడాలి.

సర్వర్ లాస్ట్ మాడిఫైడ్ ఇవ్వని చోట జెడ్ వల్ల ఉపయోగం లేదు, రోజూ మొత్తం దిగుతుంది. అలాంటి చోట సర్వర్ ఈట్యాగ్ (ఫైల్ మారితే తానూ మారే గుర్తు) ఇస్తుంటే, 2020 జనవరిలో వచ్చిన కర్ల్ 7.68.0 నుంచి ఉన్న ఈట్యాగ్ సేవ్, ఈట్యాగ్ కంపేర్ వాడుకోవచ్చు. తేదీలతో పనే లేదు. ఒక్కటే జాగ్రత్త: దించిన ఫైల్‌ని చెరిపేసి ఈట్యాగ్ ఫైల్‌ని ఉంచితే సర్వర్ 304 అంటుంది, మీ చేతికి ఏమీ రాదు. చెరిపితే రెండూ చెరపాలి.