ఉప్పునీళ్ళ బోరు, తొమ్మిదేళ్ళ గన్నేరు

మా బోరు నీళ్ళు ఉప్పన. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు వేసవిలో పెడితే 2,000 దాటుతుంది. ఆ నీళ్ళతో గులాబీలు రెండుసార్లు, మందారం ఒకసారి పెంచబోయి పోగొట్టుకున్నాను. ముందు ఆకుల అంచులు మాడేవి, తర్వాత మొగ్గలు రాలేవి, చివరికి కొమ్మలే ఎండిపోయేవి. విసిగిపోయి గోడ వెంట ఆరు గన్నేరు కొమ్మలు నాటాను. తొమ్మిదేళ్ళయింది. ఐదు నా తలను మించి ఎదిగి పూస్తున్నాయి. పోయిన ఆ ఒక్కటి కూడా ఉప్పు వల్ల పోలేదు. దాన్ని పల్లంలో పెట్టాను, వానలకి నీళ్ళు నిలిచి వేరు కుళ్ళింది.

నాటడం తేలిక. పెన్సిలంత లావు కొమ్మ కోసి, కింది ఆకులు తీసేసి నీళ్ళ సీసాలో పెడితే నెల లోపు వేర్లొచ్చాయి. ఎండ మాత్రం బాగా ఉండాలి. నీడలో ఉన్న మొక్క ఆకులేసింది తప్ప పెద్దగా పూయలేదు.

అసలు కష్టం మూడో వేసవిలో వచ్చింది. ఉప్పుని తట్టుకుంటుంది కదా అని నేను ఆ సంగతే వదిలేశాను. రోజూ చెంబెడు నీళ్ళు పోసేదాన్ని. ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగాయి, పాదులో మట్టి మీద తెల్లగా పొర కట్టింది. కొంచెం కొంచెం పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగిలిపోతుందని అప్పుడు అర్థమైంది. అప్పటినుంచి వారానికోసారి, పాదు నిండి లోతుకి ఇంకేలా పోస్తున్నాను. ఉప్పు వేర్లు దాటి కిందికి దిగుతుంది. మాడిన ఆకులు తిరిగి పచ్చబడలేదు కానీ కొత్త చిగుళ్ళు శుభ్రంగా వచ్చాయి. వాన నీళ్ళు దొరికితే అంతకన్నా మేలు. కుండీలో పెంచేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఉప్పు పోవడానికి కింద చిల్లు తప్ప వేరే దారి లేదు. రసాయన ఎరువులు కూడా చాలావరకు లవణాలే కాబట్టి అవి మానేసి, ఏడాదికి రెండుసార్లు చివికిన పశువుల ఎరువు వేస్తున్నాను.

మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్ళు లాగలేదు, అంటే తడి ఉన్నా మొక్కకి కరువే. గన్నేరు ఆకు ఆ కరువుకి సిద్ధంగా ఉంటుంది: తోలులా మందం, శ్వాసరంధ్రాలేమో ఆకు అడుగున నూగు నిండిన చిన్న గుంటల్లో దాగి ఉంటాయి. నీటిని తేలిగ్గా వదలదు.

కత్తిరింపులో ఒక ఏడాది పూలు పోగొట్టుకున్నాను. పూలు కొత్త కొమ్మల చివర్లలో వస్తాయి. మొగ్గ తొడిగే సమయంలో కత్తెర వేశాను. ఇప్పుడు పూత ఒక విడత అయిపోగానే గణుపు పైన కోస్తాను. గణుపుకి మూడేసి ఆకులు కాబట్టి చాలాసార్లు మూడు కొమ్మలు లేస్తాయి, పొద గుబురుగా తయారవుతుంది.

పేనుబంక అనే చిన్న పురుగు ప్రతి ఏడూ వస్తుంది. పసుపు ఒళ్ళు, నల్ల కాళ్ళు. అన్నీ ఆడవే, గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటాయి, అందుకే నాలుగు రోజుల్లో చిగురంతా కప్పేస్తాయి. పైపుతో గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు పోతాయి. సీతాకోకచిలుక గొంగళిపురుగుల్ని మాత్రం నేను ముట్టుకోను. అవి కాసిని ఆకులు తిని, వెండిలా మెరిసే గూళ్ళుగా మారి జుంకాల్లా వేలాడతాయి. ఆ నాలుగు ఆకులు పోతే పోనీ.

విషం సంగతి దాచకుండా చెప్పాలి. ఆకు, పువ్వు, కాండం, వేరు అన్నిట్లోనూ గుండె మీద పనిచేసే విషం ఉంటుంది. ఎండినా పోదు. పాకే పిల్లలున్న ఇంట్లో, మేకలో ఆవులో తిరిగే చోట ఈ మొక్క వద్దనే అంటాను. నేను గ్లవుజులు లేకుండా కత్తెర పట్టను. కోసిన కొమ్మల్ని కాల్చను, ఆ పొగ కూడా ప్రమాదమే. దూరంగా గొయ్యి తీసి పూడ్చేస్తాను.

రంగుల్లో నా ఓటు ఒంటి వరస రేకులుండే తెల్ల రెక్క గన్నేరుకే. ముద్ద గన్నేరు చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ వాడిన పూలు రాలకుండా కొమ్మనే పట్టుకుని నల్లబడతాయి, చేత్తో తుంచాలి. రెక్క పూలు వాటంతటవే రాలిపోతాయి. మొన్న కత్తిరించిన వాటిలోంచి తెల్లవి రెండు ఏరి సీసాలో పెట్టాను. ఆ పల్లం చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి మట్టి ఎత్తు చేసి నాటుతాను.