మా సంఘం లైవ్ సెట్టు, నాలుగేళ్లు వాడాక

రాజోలు దాటాక సఖినేటిపల్లి వెళ్లే దారిలో మాదొక చిన్న క్రైస్తవ సంఘం. రేకుల షెడ్డు, పన్నెండు ఫ్యాన్లు, ఆదివారం ఆరాధనకి నూట యాభై మంది దాకా వస్తారు. దాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టే పని నా నెత్తిన పడింది. మిగతా రోజులు మలికిపురంలో జిరాక్స్ షాపు నడుపుకుంటాను. సౌండ్ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చెడగొడుతూ నేర్చుకున్నదే.

మా సామాను ఇదీ: టాబ్లెట్ మీద నడిచే డిజిటల్ మిక్సర్ ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత హ్యాండీక్యామ్ ఒకటి, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే క్యాప్చర్ కార్డు, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే లైవ్ పంపే సాఫ్ట్‌వేర్. కంపెనీల పేర్లు రాయట్లేదు. ఇదే రకం సరుకు నాలుగైదు కంపెనీలు అమ్ముతున్నాయి, నేను పడ్డ తిప్పలు ఏది కొన్నా తప్పవు. ఓబీఎస్ పేరు మాత్రం చెప్పుకోవాలి. పైసా ఖర్చు లేదు, నాలుగేళ్లలో మాకు కావాల్సింది అందులో దొరకని రోజు లేదు.

మొదటిసారి లైవ్ పెట్టింది 2020 ఏప్రిల్ 10న, గుడ్ ఫ్రైడే. లాక్‌డౌన్ రోజులు. మా పాస్టరు అయ్యగారింటి వరండాలో పాటల పుస్తకాల దొంతరకి ఫోన్ ఆనించి సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలూ చెప్పించాం. నిజం చెప్పాలంటే ఆ రోజు సౌండ్ బాగుంది. ఫోను అయ్యగారికి రెండడుగుల దూరంలో ఉంది, వరండాలో ఫ్యాన్ లేదు. ఆ సంగతి అప్పుడే బుర్రకెక్కి ఉంటే చాలా డబ్బు మిగిలేది.

మందిరం తెరిచాక అందరం కలిసి చేసిన మొదటి పని కెమెరా కొనడం. బొమ్మ బావుంటే జనం చూస్తారని మా నమ్మకం. కెమెరా వెనక గోడ దగ్గర పెట్టాం, సౌండు కెమెరాలో ఉన్న మైకుదే. ఆ రికార్డింగులు ఇప్పటికీ చానల్లో ఉన్నాయి. బొమ్మ అద్దంలా ఉంటుంది, వినపడేది మాత్రం ఫ్యాన్లూ, పిల్లల ఏడుపులూ, వాటి వెనకాల ఎక్కడో వాక్యం, అంటే అయ్యగారి ప్రసంగం.

అసలు మా లైవ్ ఎవరు చూస్తున్నారో తెలిసింది మా అక్క వల్ల. అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. మనకి పొద్దున్న పదైతే అక్కడ ఏడున్నర. అక్కడ సెలవు శుక్రవారం, శనివారం. ఆదివారం పనిదినం, పిల్లల్ని బడికి తయారుచేసే వేళ. ఫోన్ జేబులో వేసుకుని, కుడి చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని గిన్నెలు తోముకుంటూ వింటుంది. రెండు చెవుల్లోనూ పెట్టుకుంటే మేడమ్ పిలుపు వినపడదు. బొమ్మ చూసే తీరిక ఆవిడకి లేదు. ఇంకొకావిడ నర్సాపురంలో మా పిన్ని. తుంటి విరిగి మంచాన ఉంది. ఫోన్ తలగడ పక్కన పెట్టుకుని స్పీకర్లో వింటుంది. మా చూపరుల్లో సగం మంది ఈ ఇద్దరిలో ఎవరో ఒకరిలాంటివాళ్లే.

మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ లాగిన మొదటి ఆదివారం, పాటలు అవకుండానే అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. "తమ్ముడూ, ఏం వినపట్టం లేదురా. లైవ్ పెట్టారా, లేదా?" నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కాస్త ఆగితే గానీ వెలగలేదు, సౌండంతా ఎడమ చెవిలోనే ఉంది. మోనో పిన్ను తీసుకెళ్లి స్టీరియో జాక్‌లో గుచ్చితే అంతే అవుతుంది. అక్కది కుడి చెవి.

మర్నాడు షాపుకెళ్తే స్టీరియో కేబుల్ ఇచ్చారు. ఆ ఆదివారం అక్క సంతోషించింది. ఈసారి ఫోన్ చేసింది పిన్ని. "ఏరా అబ్బాయ్, అయ్యగారు బావిలోంచి మాట్టాడుతున్నారేంటి?" ఇయర్‌ఫోన్స్‌లో వింటే శుభ్రంగా ఉంది, ఫోన్ స్పీకర్లో పెడితే మాట ఆవిరైపోతోంది. రెండు వారాలు ఇదే టెన్షన్. మైకు మార్చాను, ల్యాప్‌టాప్ మార్చాను. చివరికి ఓబీఎస్‌లో మోనో అనే గడి మీద టిక్కు పెడితే ఉన్న సౌండు మొత్తం పోయింది. దొంగ దొరికింది అక్కడే.

సంగతేంటంటే, మా మిక్సర్ అవుట్‌లో ఒకే శబ్దం రెండు తీగల మీద వస్తుంది, రెండోది మొదటిదానికి తలకిందులుగా. దూరం వెళ్లే దారిలో కలిసే గుయ్‌మనే రొదని అవతలి కొసన తీసెయ్యడానికి ఆ ఏర్పాటు, దాన్నే బ్యాలెన్స్‌డ్ అంటారు. నేను ఆ రెండు తీగల్నీ ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి పంచిపెట్టాను. ఇయర్‌ఫోన్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి కాబట్టి వినపడతాయి. ఫోన్ స్పీకర్ రెంటినీ కలిపేస్తుంది. ప్లస్ ఐదూ మైనస్ ఐదూ కూడితే ఏం మిగులుతుంది? టంకం పెట్టి నేనే కేబుల్ కట్టుకున్నాను: మిక్సర్ వైపు పిన్ను మొన నుంచి వచ్చే తీగ అవతల ఎడమకీ కుడికీ రెంటికీ, రెండో తీగ దేనికీ కలపకుండా వదిలెయ్యడం. అరవై రూపాయల పని. మొత్తం సెట్టులో ఇంతకంటే విలువైన వస్తువు ఇంకోటి లేదంటాను.

అప్పటినుంచి ప్రతి శనివారం రాత్రి రిహార్సల్ రికార్డింగుని మా ఆవిడ ఫోన్లో, స్పీకర్ మీద, వంటింట్లో కుళాయి తిప్పి వింటాను. అక్కడ మాట తెలిస్తే ఎక్కడైనా తెలుస్తుంది. మా ఆవిడకి ఇది పిచ్చిలా కనిపిస్తుంది గానీ, ఖరీదైన హెడ్‌ఫోన్‌తో ఒక్క తప్పూ పట్టుకోలేకపోయాను నేను.

ఇక డిజిటల్ మిక్సర్ సంగతి. పాత మిక్సర్‌తో మా గొడవ ఏంటంటే, హాల్లో వినపడేదీ లైవ్‌లో వెళ్లేదీ ఒకటే మిక్సింగు. హాల్లో డోలక్కీ తాళాలూ మైకు లేకుండానే చెవులు గింగురుమనిపిస్తాయి కాబట్టి వాటిని మిక్సర్‌లో తగ్గించేస్తాం. లైవ్‌లో అవి అసలు ఉండవు. జనం పాడే పాటా ఉండదు. ఖాళీ గదిలో అయ్యగారొక్కరే పాడుకుంటున్నట్టు ఉంటుంది. కొత్త మిక్సర్‌లో లైవ్ కోసమే ఒక ఆక్స్, అంటే హాలుతో సంబంధం లేని ఇంకో మిక్సింగు, వేరుగా పెట్టుకున్నాం. హాలు ఫేడర్ (సౌండు పెంచే, తగ్గించే మీట) కదిపినా అది కదలకుండా ప్రీ ఫేడర్‌లో ఉంచుతాం. పైన దూలానికి జనం వైపు తిప్పి రెండు కండెన్సర్ మైకులు వేలాడదీశాం. పాటలప్పుడు వాటిని తెరుస్తాం, వాక్యం మొదలవగానే బాగా దించేస్తాం. ఇది పెట్టిన వారం అక్క ఏమందంటే, "మన సూర్యకాంతం మావ్వ గొంతు గుర్తుపట్టేను రా" అని. ముసలావిడ ఎప్పుడూ చరణం చివర అందరికంటే ఒక క్షణం ఎక్కువ సాగదీస్తుంది. అది కువైట్ దాకా వెళ్లింది.

అయ్యగారిది ప్రార్థనలో గుసగుస, ప్రసంగంలో ఉరుము. అందుకని ఆ ఆక్స్ మీద గుసగుసకీ ఉరుముకీ తేడా తగ్గించే 3:1 కంప్రెసర్, చివర ఓబీఎస్‌లో సౌండు గీత దాటనివ్వని లిమిటర్. ఓబీఎస్ మీటర్‌లో ప్రసంగం పసుపు రంగులో, అంటే −20 నుంచి −9 డెసిబెల్స్ మధ్య ఆడుతుంటే నేను కుర్చీలో వెనక్కి వాలతాను. ఫ్యాన్ల రొదకి 100 హెర్ట్‌జ్ కింద ఉండే బరువు శబ్దాల్ని కోసేశాం. అయ్యగారికి చెంప పక్కన ఉండే హెడ్‌సెట్ మైకు పెట్టాం. చొక్కాకి పెట్టే కాలర్ మైకు మా షెడ్డులో పనికిరాలేదు, బైబిలు గుండెకి ఆనించుకున్నప్పుడల్లా గరగర.

ఒక తప్పు చెప్పుకోవాలి, అది పూర్తిగా నాదే. ఓబీఎస్‌లో రొద తీసేసే ఫిల్టర్ ఉంది, ఆర్ఎన్ నాయిస్ అని. మనిషి మాట వరకూ అద్భుతం, ఫ్యాన్లు మాయం. ఒక ఆదివారం దాన్ని పాటలప్పుడు తియ్యడం మర్చిపోయాను. మాట కానిదంతా దానికి రొదే. డోలక్ని మింగేసింది, కీబోర్డుని నమిలి ఉమ్మింది, హల్లెలూయాలో చివరి యా తెగిపోయింది. ఆడియో నీళ్లలో ముంచి తీసినట్టు ఉంది. క్వైర్‌లో పాడే మా మేనకోడలు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడది అయ్యగారి మైకుకి కూడా వాడట్లేదు. మైకు నోటికి దగ్గరగా ఉంటే దాని అవసరం రాదు.

పెదవులకీ మాటకీ పొంతన కుదర్చడం సులువే. బొమ్మ క్యాప్చర్ కార్డులోంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, సౌండు ముందు వచ్చేస్తుంది. కెమెరా ముందు ఒక చప్పట్లు కొట్టి రికార్డు చేసి, ఎన్ని ఫ్రేముల తేడా ఉందో లెక్కపెట్టాను. నాలుగు. మాది 25 ఫ్రేముల వీడియో, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. ఓబీఎస్‌లో సింక్ ఆఫ్‌సెట్ దగ్గర 160 అని వేశాను. అంతే, మళ్లీ ముట్టుకోలేదు.

వీడియో గురించి ఎక్కువ చెప్పేది లేదు. పాత హ్యాండీక్యామ్ ఇచ్చేది ఇంటర్‌లేస్డ్ బొమ్మ, అంటే గీత విడిచి గీత రెండు విడతలుగా వచ్చేది. అయ్యగారు చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఓబీఎస్‌లో ఆ సోర్స్ మీద రైట్ క్లిక్ కొట్టి డీఇంటర్‌లేసింగ్ పెడితే పోయింది. ఆయన తెల్ల చొక్కా, వెనక కిటికీ వెలుగు, ఆటోలో పెడితే మొహం నల్లగా మాడిపోయేది. ఎక్స్‌పోజరూ వైట్ బ్యాలెన్సూ చేత్తో పెట్టి వదిలేశాం. షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కదా, ట్యూబ్‌లైట్లు మిణుకుమిణుకుమనవు. పల్పిట్ (ప్రసంగం చెప్పే బల్ల) వెనక కిటికీకి ముదురు రంగు తెర కట్టడం కొత్త కెమెరా కొన్నంత మార్పు. కెమెరాని వెనక గోడ నుంచి మగవాళ్ల వైపు రెండో స్తంభం దగ్గరికి తెచ్చాం. హెచ్‌డీఎంఐ కేబుల్ పొట్టిదైంది, అప్పుడప్పుడూ బొమ్మ నల్లబడటం ఆగింది.

ఆ చోటు ఎంచుకోవడానికి ఇంకో కారణం, అక్కణ్ణుంచి జనం మొహాలు పడవు. ఇంట్లో చెప్పకుండా వచ్చే చెల్లెళ్లు ఉంటారు మాకు. సాక్ష్యాలు చెప్పే సమయంలో లైవ్‌లో వాక్యం స్లైడు పెట్టి సౌండ్ ఆపేస్తాం. అప్పులూ, భర్త తాగుడూ, ఆసుపత్రి కష్టాలూ అన్నీ అక్కడ చెప్పుకుంటారు. అవి నూట యాభై మంది మధ్య ఉండాల్సినవి. చూపరులు కొందరు దీనికి విసుక్కుంటారు, విసుక్కోనీ.

నెట్ విషయంలో 1080 మోజు వదిలేశాం. 720కి 3000 కేబీపీఎస్, కీఫ్రేమ్ (బొమ్మ మొత్తం మళ్లీ పంపే ఎడం) 2 సెకన్లు, ఆడియో 128. ఫైబర్ పోయిన రోజు ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ మీద లాగిస్తాం. ముందే లెక్క కట్టుకోండి: 3 గంటల ఆరాధన 4 జీబీ తింటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాకు మీద మొదలుపెడితే గంటా ఏడు నిమిషాలకి, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఆ నిమిషం కూడా ఎందుకు గుర్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఇంకోటి, కరెంటు పోతే లైట్లూ మిక్సరూ ల్యాప్‌టాపూ ఇన్వర్టర్ మీద దర్జాగా నడిచేవి, లైవ్ మాత్రం తెగేది. రౌటర్ అయ్యగారింట్లో ఉంది, దానికి బ్యాకప్ లేదు. ఆరు నెలలు ఎవరికీ తట్టలేదు. ఇన్వర్టర్ కొనేటప్పుడు సైన్ వేవ్‌దే కొనండి. మా మొదటిది స్క్వేర్ వేవ్. కరెంటు పోయిన ప్రతిసారీ స్పీకర్లలో కందిరీగల పుట్ట కదిపినట్టు ఉండేది.

సముద్రం దగ్గర కాబట్టి మాకు ఉప్పుగాలి బెడద. ఏడాది తిరిగేసరికి పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి, మైకు కదిపితే పటపటలు. నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కేబుళ్లు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాం. 2022 జులై వరదప్పుడు మిక్సర్ని అయ్యగారి అటక మీద పెట్టాం. దించాక చూస్తే కేబుల్ సంచిలో బల్లి గుడ్లు.

టాబ్లెట్ మిక్సర్‌కి ఒక్క లోటు చెప్తాను. నాబ్‌లు ఉండవు. ఒక క్రిస్మస్ రోజు టాబ్లెట్ చార్జింగ్ పెట్టడం మర్చిపోయాం, అది ఆరిపోయింది, మైకు కుయ్యిమంటోంది, చేత్తో తిప్పడానికి ఏమీ లేదు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో కూడా అదే యాప్ తెరిచి ఉంచుతాం. మిక్సర్‌కి వేరే రౌటర్ పెట్టాం, దాని పాస్‌వర్డ్ నాకూ, ఇంటర్ చదివే మా క్వైర్ పిల్లకీ తప్ప ఎవరికీ తెలీదు. పాస్‌వర్డ్ ఇమ్మని అడిగిన పెద్దలు ఉన్నారు. ఇవ్వలేదు.

నాలుగేళ్లయినా తేలనిది వాన. రేకుల మీద పెద్ద వాన మొదలైందంటే హెడ్‌సెట్ మైకు కూడా చేతులెత్తేస్తుంది. రేకుల మీద పడే చప్పుడుకి ఏ ఫిల్టరూ లేదు, అన్నీ ప్రయత్నించాను. కింద థర్మోకోల్ సీలింగు కొట్టించడానికి అడిగితే లక్షా పాతిక వేలు చెప్పారు. ప్రస్తుతానికి వాన పెద్దదైతే అయ్యగారు వాక్యం ఆపి పాట ఎత్తుకుంటారు, నేను దూలం మైకులు మూసేస్తాను. పోయిన ఆగస్టులో ఒకసారి మూయడం ఆలస్యమైంది. ఐదు నిమిషాల పాటు లైవ్‌లో వెళ్లింది వాన చప్పుడు ఒక్కటే. తిట్లు తినడానికి సిద్ధపడి ఫోన్ తీశాను. అక్క మెసేజ్: "ఇంకాసేపు ఉంచరా."