కొబ్బరాకు దడి పీకి గోరింట నాటాక

మా కోనసీమ ఊళ్లలో పెరటికి హద్దు అంటే కొబ్బరాకు దడే. ఏటా వానలకు ముందు మట్టలు అల్లించి కట్టించాలి, చెదలు తిన్న గుంజలు మార్చించాలి. మట్టలు మన చెట్లవే అయినా కూలి డబ్బులు మన చేతివే. పెద్ద గాలి వస్తే ఆ దడి పక్కింటి దొడ్లో తేలుతుంది. విసిగిపోయి రోడ్డువైపు, పక్కింటివైపు దడి తీయించి గోరింట కంచె వేశాం. గోడ కట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇన్నేళ్లు పెంచాక నా మాట ఇది: డెల్టాలో కంచెకు గోరింటను మించిన మొక్క నేను చూడలేదు, కాకపోతే నీళ్లు నిలవని నేల అయి ఉండాలి.

కడియం వైపు నర్సరీలకు వెళ్లి కంచె మొక్క అడిగితే ముందు డురంటా చూపిస్తారు. పసుపుపచ్చ ఆకులతో చూడగానే బాగుంటుంది. కానీ దాని కాయలు విషం. చిన్నపిల్లలు తిరిగే ఇంటికి నాకు నచ్చలేదు. గోరింటకు అసలు నర్సరీ దాకా వెళ్లనక్కర్లేదు. తొలకరి పడ్డాక ముదురు కొమ్మను పెన్సిలంత లావున్న చోట జానెడు ముక్కలుగా కోసి, సగం పైగా మట్టిలోకి దించితే చాలు. కొన్ని ఎండిపోతాయి, వాటి స్థానంలో గుచ్చడానికి మరికొన్నిటిని పక్కన నీడలో పెంచుకోవాలి. మొక్కకు మొక్కకు అడుగు ఎడం, రెండు వరుసలు, మొదటి వరుసలోని ఖాళీకి ఎదురుగా రెండో వరుసలో మొక్క. ఒంటి వరుస వేస్తే ఎన్నేళ్లయినా అవతలి మనిషి కనిపిస్తూనే ఉంటాడు.

ఇది పుట్టుకతో ఎండ మొక్క. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ చుట్టుపక్కల వానలు తక్కువ పడే పొలాల్లో దీన్ని పంటగా పండిస్తారు. మనదేమో వానాకాలంలో కాలు పెడితే దిగబడే ఒండ్రు నేల, పక్కనే కాలువ, చేతికందే లోతులో నీరు. అందుకని కంచె పొడవునా జానెడెత్తు గట్టు పోయించి, మట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపించాం. గట్టు మీదున్న మొక్కలు ఒక్క ఏడాదిలో నడుమెత్తు దాటాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊరంతా నీళ్లకు వెతుక్కుంటుంటే దీనికి వారానికోసారి పోసినా సరిపోయింది. ఆకు చిన్నదవుతుంది, కాస్త పలచబడుతుంది, అంతే.

అసలు సంగతి కత్తిరింపులో ఉంది. గోరింట కొమ్మను చేతిలోకి తీసుకుని చూడండి: ఆకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ నిద్రపోతుంటుంది. ఒక జంటకు కాస్త పైన కొమ్మ కోస్తే ఆ రెండు మొగ్గలూ లేచి రెండు రెమ్మలవుతాయి. వాటినీ అలాగే కోస్తే నాలుగు. కంచె చిక్కబడటమంటే ఈ లెక్కే. కాబట్టి మోకాలెత్తుకు రాగానే సగానికి కోసెయ్యాలి. ముద్దుగా ఎదుగుతున్న మొక్కను అలా నరికేస్తుంటే మా అత్తగారు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ కోత తప్పించినవాళ్ల కంచెలు ఇదే వీధిలో ఉన్నాయి: పైన గుబురు, కింద వట్టి పుల్లలు, మధ్యలోంచి కోళ్ల రాకపోకలు. పెరిగాక కూడా ప్రక్కలను గోడలా నిటారుగా కొయ్యకూడదు. కింద వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నంగా ఉంచితే అడుగు కొమ్మలకూ ఎండ తగులుతుంది. వానలున్నన్నాళ్లు నెలకోసారి కత్తెర పట్టక తప్పదు. సంక్రాంతి దాటాక పెద్దగా పని ఉండదు. మోటారు కత్తెర ఒకటి అరువు తెచ్చి చూశాం. పని త్వరగా అయింది కానీ ఆకులన్నీ చీలికలై అంచులు గోధుమరంగుకు తిరిగాయి. చేతి కత్తెరే మేలు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ముదిరిన రెమ్మల చివరలు ముళ్లుగా గట్టిపడతాయి. చొక్కా చేతులు పొడుగ్గా లేకపోతే మోచేతుల దాకా గీతలే. కోసిన ఆకు తడి సిమెంటు మీద పడి కాళ్ల కింద నలిగిందంటే నారింజరంగు మరకలు మిగులుతాయి. మా వాకిలి నిండా ఉన్నాయి, తోమితే పోవు. పూలు కావాలనుకునేవారికి ఇంకో నిరాశ: రెమ్మ చివరే పూత వస్తుంది కనుక నీటుగా కత్తిరించిన కంచెకు పూలు దాదాపు ఉండవు. ఒక మూల రెండు మొక్కల్ని కత్తెరకు అందకుండా వదిలేశాం. సాయంత్రం వీధి మలుపు దాకా వాటి వాసనే. వానల్లో ఒక్కోసారి దాసరి పురుగు పడుతుంది, ఆముదాన్ని తినేదే. నాలుగు రోజులు చూడకపోతే ఈనెలే మిగులుస్తుంది. పొద్దున్నే ఏరేసి వేపనూనె కొడితే అదుపులోకి వస్తుంది; ఇంటిల్లిపాదీ చేతులకు పెట్టుకునే ఆకు కాబట్టి ఇంతకన్నా ఘాటు మందు కొట్టే మాటే లేదు.

ఇక ఆషాఢం. "పిన్నిగారూ, నాలుగు రెమ్మలు కోసుకుంటాం" అని మొదలై, వీధివైపు కంచె సగం ఖాళీ అవుతుంది. తెలియనివాళ్లు చేతికి దొరికిన చోట దూస్తారు. దూస్తే మొగ్గలు కూడా పోతాయి. అందుకే గేటు దగ్గర ఒక కత్తెర కట్టి ఉంచాను. ఆ నెలలో నేను వేరే కత్తిరింపు పెట్టుకోను, ఊరివాళ్లే చేసిపెడతారు.

పల్లపు మూల కథ మాత్రం వేరు. 2022 జూలై వరదకు డ్రెయిను ఎగదన్ని అక్కడ రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ముందు ఆకు పసుపురంగుకు తిరిగింది, తర్వాత రాలింది, వేరు కుళ్లి మొక్కలు చేతికి ఊడొచ్చాయి. గట్టు మీదున్నవి చెక్కుచెదరలేదు. ఆ మూలలో మళ్లీ గోరింట పెట్టకుండా క్లెరోడెండ్రం ఇనర్మీ వేశాం. అది సముద్రపు ఒడ్డున, ఉప్పునీటి పాయల పక్కన సహజంగా పెరిగే మొక్క, కాబట్టి తడికి బెదరదు. ఆకు మరీ ముదురు పచ్చ. రెండూ కలిసే చోట గీత గీసినట్లు తేడా తెలుస్తుంది. నాకు అభ్యంతరం లేదు, మావారికి ఉంది.