షెఫ్ కోట్లు కొనేవాళ్లకి హెచ్చరిక: "ప్యూర్ కాటన్" అన్న నోటిమాట నమ్మొద్దు

గుంటూరు, విజయవాడల్లో హోటళ్లు, మెస్‌లు, క్యాటరింగ్ నడిపే అన్నలూ అక్కలూ, వంటవాళ్లకి యూనిఫాంలు కొనే ముందు ఇది చదవండి.

మాది అరండల్‌పేటలో చిన్న మెస్. ఏప్రిల్‌లో విజయవాడ వన్‌టౌన్‌లో ఒక షాపు నుంచి 12 షెఫ్ కోట్లు తెచ్చాను. ఒక్కోటి 480 రూపాయలు. "ప్యూర్ కాటనండీ, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది" అన్నాడు. లోపల లేబుల్ లేదు. అడిగితే హోల్‌సేల్ సరుక్కి లేబుళ్లుండవన్నాడు. తెల్లగా, ఇస్త్రీ చెదరకుండా నిగనిగలాడుతుంటే నేనూ ఊరుకున్నాను. అసలు ఇస్త్రీ చెదరకపోవడం చూసే నేను అనుమానపడాల్సింది. మామూలు నూలు గుడ్డని గుప్పిట్లో నలిపితే మడత నిలిచిపోతుంది.

మొదటి వారం నుంచే మావాళ్లు "చెమట పీల్చట్లేదన్నా, ఒంటికి అంటుకుపోతోంది" అంటున్నారు. నాలుగు ఉతుకులు పడితే సర్దుకుంటుందిలే అన్నాను. రోహిణి కార్తె వచ్చేసరికి ఇద్దరికి మెడంతా చెమటకాయలు. అప్పుడైనా మాన్పించాల్సింది.

ఒకరోజు మా వేపుళ్ల మాస్టర్ వెనక పొయ్యి మీది గిన్నె దించబోతే ముందు బర్నర్ మంట కోటు చేతి అంచుకి తగిలింది. గుడ్డ కరిగి మణికట్టుకి అతుక్కుపోయింది. పక్కనున్న కుర్రాడు లాగబోతే ఆపాను. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద చెయ్యి పెట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అతుక్కున్న ముక్కని అక్కడే తీశారు. మూడు వారాలు పనికి రాలేకపోయాడు. జీతం, మందుల ఖర్చు నేనే పెట్టుకున్నాను, పెట్టుకోవాలి కూడా. కానీ నొప్పి పడింది ఆయన.

ఆ రాత్రి ఇంకో కోటు అంచులోంచి పోగు లాగి అగ్గిపుల్ల పెట్టాను. ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి పూస కట్టింది, ప్లాస్టిక్ కాలిన వాసన. అచ్చం పాలిస్టర్! నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్లతో నలిపితే మెత్తటి బూడిద. నూలు కూడా అంటుకుంటుంది, కాదనను. కానీ కరిగి చర్మాన్ని పట్టుకోదు. డబ్బిచ్చే ముందు షాపు బయట ఈ పరీక్ష చేయండి. పోగు ఇవ్వనంటే వచ్చేయండి. బూడిదతోపాటు గట్టి ఉండలు కూడా తగిలితే అది మిక్సింగ్ గుడ్డ. వడ్డించేవాళ్లకి పర్లేదు, పొయ్యి దగ్గరికి వద్దు.

బిల్లు మీద "100 శాతం కాటన్" అని రాయించుకోండి. నాకిచ్చింది కచ్చా చీటీ. దాంట్లో "కోట్లు 12" అని తప్ప ఇంకేం లేదు. తిరిగి వెళ్తే "మీరడిగిందే ఇచ్చాం" అన్నాడు. పక్కా బిల్లుంటే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టేవాణ్ణి.

ఇప్పుడు విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో కాటన్ డ్రిల్ (దళసరి నూలు గుడ్డ) మీటర్ల లెక్కన కొని, ముందే తడిపి ఆరబెట్టి (లేకపోతే కుట్టాక కురచవుతుంది) టైలర్‌కిచ్చాను. ఛాతీ మీద రెండు పొరలు, చేతులు వేలాడకుండా మణికట్టు దాకా, గుండీల బదులు టిచ్ బటన్లు. వేడి నూనె చిందితే ఒక్క లాగుతో విప్పేయొచ్చు. కోటుకి 700 దాకా పడింది.

మిగిలిన పాత 11 కోట్లు సగం ధరకి ఇమ్మని ఒక క్యాటరింగ్ ఆయన అడిగాడు. ఇవ్వలేదు. కత్తిరించి పారేయించాను.