జనరేటర్ కొంటున్నారా? రెండు తలల వైరుతో బిగిస్తానంటే గేటు దగ్గరే ఆపేయండి

మాది విశాఖ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు ఇక్కడున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. ట్యాంకు రెండో రోజే ఖాళీ. బోరులో నీళ్లున్నాయి, తోడే దారి లేదు. ఈసారి తుపాను వస్తే ఆ గతి పట్టకూడదని పోయిన ఏడాది వానలకు ముందే పెట్రోల్ జనరేటర్ ఒకటి కొన్నాను.

షాపులో 'ఐదు కేవీఏ సార్, బోరుతో సహా ఇల్లంతా లాగేస్తుంది' అన్నాడు. నేను అడిగింది ఒక్కటే, ఎంత అని. 68 వేలు.

డబ్బా మీద 5 అంకె అరచేయంత ఉంది. ఇంటికొచ్చాక, కరెంటు పుట్టించే భాగం ఆల్టర్నేటర్ పక్కన అతికించిన రేకు మీద చదివితే 'మ్యాక్స్ 5, రేటెడ్ 4.2' అని ఉంది. మ్యాక్స్ అంటే కాసేపు ఊపిరి బిగబట్టి మోసే బరువు. గంటల తరబడి నడపాలంటే లెక్క రేటెడ్‌దే. మా బోరు మోటారు ఒకటిన్నర హెచ్‌పీ. నడిచేటప్పుడు 1,500 వాట్ల పైచిలుకు లాగుతుంది, అదేం పెద్ద లెక్క కాదు. కానీ స్టార్టయ్యే ఆ రెండు మూడు సెకన్లలో మామూలు కంటే నాలుగైదు రెట్ల కరెంటు అడుగుతుంది. స్విచ్ వేయగానే ఇంజిన్ గుర్రుమంది, లైట్లు ఎర్రబడ్డాయి, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ టక్కున పడింది. మూడుసార్లు వేశాం, మూడుసార్లూ అంతే. ఏ నీళ్ల కోసం కొన్నానో ఆ నీళ్లే రాలేదు. మీ ఇంట్లో బోరుగానీ ఏసీగానీ ఉంటే, కొనే ముందే దుకాణంవాడి చేత వాటిని స్టార్ట్ చేయించి చూపించమనండి. 'అయిపోద్ది సార్' అనే మాటకు వారంటీ ఉండదు.

ఇదంతా డబ్బు నష్టం, ఏదోలా భరించుకోవచ్చు. అసలు సంగతి వేరే.

షాపువాడు పంపిన ఎలక్ట్రీషియన్ అరగంటలో పని ముగించాడు. సంచిలోంచి ఒక వైరు తీశాడు. మామూలుగా వైరుకు ఒక చివరే ప్లగ్గు ఉంటుంది కదా, దీనికి రెండు చివర్లా మూడు పిన్నుల ప్లగ్గులే. ఒకటి జనరేటర్‌కు, రెండోది వంటింట్లో గీజర్ కోసం పెట్టిన పదహారు ఆంపుల సాకెట్‌కు. 'కరెంటు పోగానే మెయిన్ ఆపేసి ఇది పెట్టుకోండి, అంతే' అన్నాడు. 2,500 చేతికిచ్చి పంపాను. స్తంభం కరెంటో జనరేటరో, ఒకసారికి ఒక్కటే ఇంటికి తగిలించే చేంజోవర్ స్విచ్ అనేది ఒకటి ఉంటుందని అతను అనలేదు, నాకు తెలియదు.

మొదటి రెండుసార్లు మెయిన్ గుర్తుపెట్టుకుని ఆపాను. మూడోసారి నేను ఇంట్లో లేను. గాలివాన, వీధంతా చీకటి. మావాడు వైరు పెట్టి జనరేటర్ లాగాడు, మెయిన్ మర్చిపోయాడు. పది నిమిషాలకు పక్కింటి పిన్నిగారు గోడ మీంచి పిలిచారట. 'ఒరేయ్ బాబూ, మీరు జనరేటర్ వేస్తే మా ఫ్యాన్ తిరుగుతోందేంట్రా?'

తిరుగుతోంది. నెమ్మదిగా, రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా. మా ఇంట్లో పుట్టిన కరెంటు సర్వీసు వైరు మీదుగా స్తంభం ఎక్కి వాళ్లింట్లోకి దిగింది. అదే సమయంలో వీధి చివర లైన్‌మన్ నిచ్చెన వేస్తున్నాడు.

పిన్నిగారి కేక విని అతనే మా గేటు దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకుంటే అరవలేదు. వైరు చేతిలోకి తీసుకుని సాకెట్‌లోంచి లాగాడు. 'మాస్టారూ, ఈ రెండు తలల వైరు పెడితే, ఒక తల పీకేసరికి ఈ బయటి పిన్నుల్లో కరెంటు ఉంటాది. మీ పిల్లాడు ముట్టుకుంటే పోతాడు. మేమేమో పైన లైను తెంపే ఏబీ స్విచ్ లాగేసేం కదా అని స్తంభం ఎక్కుతాం. మీ కరెంటు కింద నించి వస్తాది. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కితే అవతల పదకొండు వేల ఓల్టులు' అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మీటరు పక్కన రెండు పోళ్ల చేంజోవర్ స్విచ్ పెట్టించాను. పిడి ఇటు ఉంటే స్తంభం కరెంటు, అటు ఉంటే జనరేటర్, నడుమ ఉంటే ఏదీ లేదు. రెండూ ఒకేసారి కలిసే వీలే లేదు. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా తెగేలా ఉండాలి, ఒక్క ఫేజు మార్చేది పెడతానంటే ఒప్పుకోకండి. త్రీఫేజు ఇల్లయితే నాలుగు పోళ్లది. జనరేటర్ బాడీకి విడిగా ఎర్తింగ్ కూడా వేయించాను.

ఇంకో తప్పు కూడా చేయించాడు ఆ ఎలక్ట్రీషియన్. వానకు తడవదని వెనక గ్రిల్ వేసిన వరండాలో పెట్టించాడు. మొదటి రాత్రే మా అమ్మకు తలనొప్పి, వాంతి వచ్చినట్టుందంది. పెట్రోల్ వాసన పడలేదేమో అనుకున్నాం. కాదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. ఇప్పుడది కిటికీలకు దూరంగా పెరట్లో, పైన రేకు, నాలుగు వైపులా ఖాళీ.

తర్వాత జనరేటర్‌లో ఓల్టేజీని అదుపులో ఉంచే ఏవీఆర్ పోయి ఓల్టేజీ 280 దాటింది, ఫ్రిజ్ బోర్డు కాలింది. షాపుకెళితే 'బిగించింది మా మనిషి కాదు సార్, వారంటీ వర్తించదు' అన్నాడు. పంపింది అతనే, కానీ నా దగ్గర రుజువేది? చీటీ మీద రాసిన కచ్చా బిల్లు, నోటిమాట. బిగించే పని కూడా జీఎస్టీ బిల్లులో రాయించుకోండి, సీరియల్ నంబరుతో సహా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక ఏవీఆర్ మాత్రం ఊరికే మార్చాడు. ఫ్రిజ్ బోర్డు 6,400 నేనే కట్టుకున్నాను.

పోయిన వారం పక్క వీధిలో ఆ షాపు ఆటోలోంచి ఇంకో జనరేటర్ దిగుతుంటే చూశాను. ఆగి ఎలక్ట్రీషియన్ సంచిలోకి తొంగిచూశాను. అదే వైరు. ఆ ఇంటాయన్ని అప్పటికప్పుడు మా ఇంటికి తీసుకొచ్చి చేంజోవర్ స్విచ్ చూపించాను. సగం డబ్బు ఇంకా ఇవ్వలేదట, అది బిగించాకే ఇస్తానన్నాడు.