బ్యాంకాక్ సిటీ టూర్ వైజాగ్‌లోనే కొనేసి వెళ్తున్నారా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ఆఫీస్ పని మీద బ్యాంకాక్ వెళ్తూ, పని అయ్యాక మిగిలే ఒక పూటలో ఊరు చూద్దాం అని ఇక్కడే ట్రావెల్స్ వాళ్ళ దగ్గర టూర్ బుక్ చేసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ముఖ్యంగా ఒక్కరే వెళ్ళే ఆడవాళ్ళ కోసం. ఏజెన్సీ పేరు రాయను, ఇన్‌బాక్స్‌లో అడిగినా చెప్పను. అచ్చం ఇదే ఐటినరీ, అక్షరం మారకుండా, మా ఆఫీస్‌లో ఇంకొకావిడకి వేరే ట్రావెల్స్ వాళ్ళు కూడా పంపారు, కాబట్టి ఒక్క షాపు పేరు తెలుసుకుని తప్పించుకుందాం అంటే కుదరదు.

మాది రొయ్యల ఎక్స్‌పోర్ట్ లైన్. మే నెలలో బ్యాంకాక్ పక్కన ఇంపాక్ట్ ముయాంగ్ థోంగ్ థానీ అనే చోట థాయ్‌ఫెక్స్ అని పెద్ద ఫుడ్ ఎగ్జిబిషన్ పెడతారు, మన సీఫుడ్ వాళ్ళు వెళ్తుంటారు. టికెట్, హోటల్ కంపెనీదే, ఊరు చూడ్డం మాత్రం మన జేబులోంచే. 2024 ఏప్రిల్‌లో వైజాగ్ నుంచి బ్యాంకాక్‌కి డైరెక్ట్ ఫ్లైట్ మొదలైన దగ్గర్నుంచి మన దగ్గర ఈ టూర్లు అమ్మేవాళ్ళు కూడా బాగా పెరిగారు, ద్వారకానగర్‌లో ఏ కాంప్లెక్స్ మెట్లెక్కినా ఒక బుద్ధుడి పోస్టర్ కనిపిస్తుంది.

నేను వెళ్ళిన చోట ఆయన నేను నోరు తెరవకముందే మొదలెట్టాడు. "మేడమ్ ఒక్కరే వెళ్తున్నారా? అమ్మో, అక్కడ ఇంగ్లీష్ రాదండీ, టుక్‌టుక్ వాళ్ళు ఎటు తీసుకెళ్తారో తెలీదు, లేడీస్ ఒంటరిగా అంటే కొంచెం రిస్క్, ప్రైవేట్ కార్ పెట్టేద్దాం, సేఫ్‌గా ఉంటుంది." ప్రైవేట్ కార్‌కి మినిమం ఇద్దరి రేటు కట్టాలిట, అందుకని ఒక్క మనిషికి ఇద్దరి డబ్బులు. హాఫ్ డే టూర్, గోల్డెన్ బుద్ధ, గ్రాండ్ ప్యాలెస్, ఇంగ్లీష్ గైడ్, హోటల్ పికప్, అన్నీ కలిపి 9,400 రూపాయలు. ఇంకా థాయ్‌లాండ్ అరైవల్ కార్డ్ ఫిల్ చెయ్యడానికి గవర్నమెంట్ ఫీజు అని ఇంకో 900. ఈ రెండోది ముందు చెప్పేస్తా, ఎందుకంటే ఇది పచ్చి అబద్ధం. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళు డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి, నిజమే, కానీ అది వాళ్ళ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఫ్రీ, దిగే ముందు మూడు రోజుల్లోపు ఫోన్‌లో మనమే నింపుకోవచ్చు, పాస్‌పోర్ట్, ఫ్లైట్ నంబర్, హోటల్ అడ్రస్ ఉంటే చాలు. ఏజెంట్ తన కష్టానికి సర్వీస్ ఛార్జ్ అంటే సరే అది వేరే సంగతి, ఇవ్వాలో వద్దో మన ఇష్టం, గవర్నమెంట్ ఫీజు అని తీసుకోవడం మాత్రం మోసమే.

ఇక టూర్ సంగతి. పొద్దున్న హోటల్ కిందకి వచ్చింది కార్ కాదు, పన్నెండు సీట్ల వ్యాను, అందులో అప్పటికే సగం సీట్లు నిండిపోయి ఉన్నాయి. అందరూ మనవాళ్ళే, ఇద్దరు రాజమండ్రి కుర్రాళ్ళు, ఒక గుజరాతీ ఫ్యామిలీ, అనకాపల్లి నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య. దీన్ని ట్రావెల్స్ భాషలో ఎస్ఐసీ అంటారుట, అంటే అందరితో కలిపి ఒక సీటు. నా వోచర్‌లో ప్రైవేట్ అని ఉంది కదా అని గైడ్‌కి చూపిస్తే ఆవిడ తన ఫోన్‌లో లిస్ట్ తీసి చూపించింది, అందులో నా పేరు పక్కన ఎస్ఐసీ, వన్ పాక్స్ (అంటే ఒక్క మనిషి) అని స్పష్టంగా ఉంది. ఇక్కడ ప్రైవేట్ అని ఇద్దరి డబ్బులు తీసుకుని అక్కడ ఒక్క సీటు కొన్నారన్నమాట. మిగతాదంతా ఎవరి జేబులోకి వెళ్ళిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ గైడ్ మీద నాకేం కోపం లేదు, పాపం ఆవిడకి ఏం రాసిస్తే అది చేస్తుంది.

మొదట చైనాటౌన్‌లో వాట్ త్రైమిత్ (వాట్ అంటే గుడి). అక్కడ బంగారు బుద్ధుడు నిజంగా చూడాల్సిందే, ఐదున్నర టన్నుల విగ్రహం, చాలా ఏళ్ళు పైన సున్నం పూత వేసి ఉంటే మామూలు విగ్రహం అనుకున్నారు, 1955లో చోటు మారుస్తుంటే పూత ఊడి లోపల బంగారం బయటపడింది. ఇంత కథ ఉన్న చోట మాకు ఇచ్చిన టైం ఇరవై నిమిషాలు, అందులో చెప్పులు విప్పి వేసుకోవడమే సగం. తర్వాత గ్రాండ్ ప్యాలెస్. గోడ బయట రోడ్డు మీద వ్యాను ఆపి ఇక్కడ్నించి ఫోటోలు బాగా వస్తాయి అన్నారు. లోపలికి? టికెట్ మీ ప్యాకేజీలో లేదు, టైం కూడా లేదు. వోచర్ మళ్ళీ తీసి చూస్తే గ్రాండ్ ప్యాలెస్ పక్కన చిన్నగా పనోరమిక్ అని ఉంది, అంటే పక్కనించి పోతూ చూపిస్తే చాలన్నమాట. సబ్‌మెరైన్ మ్యూజియం చూపిస్తామని డబ్బులు తీసుకుని బీచ్ రోడ్డు మీద బస్సులోంచే కురుసురా తోక చూపించి, తిన్నగా కురుపాం మార్కెట్‌లో నగల షాపులో కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం. అలా ఎందుకన్నానంటే తర్వాత మమ్మల్ని తీసుకెళ్ళింది సరిగ్గా నగల షాపుకే.

దాన్ని వోచర్‌లో జెమ్స్ ఫ్యాక్టరీ విజిట్, ఫ్రీ అని రాశారు. బుద్ధుడికి ఇరవై నిమిషాలు, దీనికి గంటన్నర పైనే. ముందు ఏసీ హాల్లో గనుల గురించి ఒక చిన్న సినిమా, తర్వాత అద్దాల వెనకాల రాళ్ళు సానబట్టే పనివాళ్ళు, ఆ తర్వాత తలుపు తీస్తే కనుచూపు మేర షోరూం. బయటికి దారి ఆ షోరూం చివర్లో ఉంటుంది, కాబట్టి మొత్తం నడవాల్సిందే. మనిషికొక సేల్స్ వాడు అతుక్కుంటాడు. నా వెనకాల పడ్డవాడు హిందీ మాట్లాడాడు, వైజాగ్ అనగానే "బాగున్నారా మేడమ్" అని తెలుగు, ఆ వెంటనే రాశి ఏంటి, నక్షత్రం ఏంటి! మనవాళ్ళ బలహీనత ఎక్కడుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. శనికి నీలం, గురుడికి పుష్యరాగం, రవికి కెంపు, అన్నీ గడగడా చెప్పేస్తున్నాడు. ఇండియాలో ఇదే రాయి మూడింతలు, ఇది ఫ్యాక్టరీ రేటు, ఇదిగో సర్టిఫికెట్, నచ్చకపోతే తిరిగి పంపండి.

ఆ సర్టిఫికెట్ షాపువాళ్ళే ప్రింట్ చేసుకున్నది. థాయ్‌లాండ్‌లో రాళ్ళు టెస్ట్ చేసి రిపోర్ట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది, జీఐటీ అంటారు, ఆ రిపోర్ట్ ఉందా అని అడిగితే మొహం మారింది, మేనేజర్‌ని పిలుస్తా అని వెళ్ళి మళ్ళీ రాలేదు. నర్సీపట్నం, చింతపల్లి వైపు రంగురాళ్ళ కథలు వింటూ పెరిగిన వాళ్ళం, రాయి చూడగానే రేటు చెప్పేవాడిని నమ్మకూడదని మాకు చిన్నప్పుడే తెలుసు.

కానీ అనకాపల్లి పెద్దాయన నీలం కొనేశారు. ఏలినాటి శని నడుస్తోందిట, ఇంట్లో ఎవరో చెప్పారుట. వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నారు, "వద్దండీ, ఊరెళ్ళి మన కంసాలికి చూపించి కొందాం" అని. సేల్స్ వాడు ఆవిడకి కూల్‌డ్రింక్ ఇచ్చి ఇంకో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాడు. తర్వాత ఆవిడ నాకు ఫోన్ చేశారు, కురుపాం మార్కెట్‌లో చూపిస్తే జాతిరాయే గానీ వేడి చేసి రంగు పెంచింది, పెట్టిన డబ్బులో నాలుగో వంతు కూడా చెయ్యదు అన్నారుట. వేడి చెయ్యడం అనేది ఈ నీలాలకీ కెంపులకీ మామూలే, అది తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు. తిరిగి పంపుదామంటే కొరియర్ ఖర్చు, ఇన్సూరెన్స్ మనదేట, కస్టమ్స్ కాగితాలు వేరే. ఎవరు పంపుతారు చెప్పండి.

ఆ తర్వాత టైలర్ షాప్ కూడా ఉంది, దాని గురించి రాయడం దండగ. ఒంటి గంటకి హోటల్ దగ్గర దింపేశారు.

భయపెట్టి అమ్మారు కదా, ఆ భయంలో నిజం ఎంతో చూద్దామని మర్నాడు ఒక్కదాన్నే బయల్దేరా. బీటీఎస్ రైలెక్కి సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే సాథోర్న్ బోట్ల రేవు. అక్కడ ఆరెంజ్ జెండా పడవ ఎక్కాలి, టికెట్ 16 బాత్, ఎంత దూరమైనా అంతే. టూరిస్ట్ బోట్ అని నీలం జెండాది వేరే ఉంటుంది, రేటు ఎక్కువ, అది అక్కర్లేదు. థా చాంగ్ రేవులో దిగితే ప్యాలెస్ నడిచిపోయే దూరం. బాత్ అంటే మన రెండున్నర, మూడు రూపాయల మధ్య వేసుకోండి.

గేటుకి ఇంకా కొంచెం దూరం ఉండగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. ఈరోజు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా ప్యాలెస్ మూసేశారు, ఈలోగా టుక్‌టుక్‌లో 40 బాత్‌కే మూడు గుళ్ళు చూసొచ్చేయండి అన్నాడు. ఇది బ్యాంకాక్‌లో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న మోసం, ఆ టుక్‌టుక్ ఆఖరికి ఆగేది రాళ్ళ షాపు దగ్గరే, డ్రైవర్‌కి పెట్రోల్ కూపన్, కమీషన్ అందుతాయి. అంటే చూడండి, రోడ్డు మీద వాడు 40 బాత్‌కి తీసుకెళ్ళే చోటికే మన ట్రావెల్స్ వాళ్ళు 9,400 తీసుకుని తీసుకెళ్ళారు. ఆయనకి ఒక నమస్కారం పెట్టి తిన్నగా గేటు దాకా నడిచా, బార్లా తీసి ఉంది. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా టికెట్లు ఇస్తారు, విదేశీయులకి 500 బాత్. రాజుగారి కుటుంబం కార్యక్రమాలు ఉన్నప్పుడు మూసేమాట నిజమే, కానీ అది ప్యాలెస్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి గానీ రోడ్డు మీద వాడి నోట కాదు. షార్ట్స్, చేతుల్లేని జాకెట్లు ఒప్పుకోరు, చుడీదార్ అయితే గొడవే లేదు.

లోపల ఏముందో తెలుసా, మొత్తం రామాయణం. మరకత బుద్ధుడి గుడి చుట్టూ ప్రాకారం లోపలి గోడ మీద 178 పెద్ద పెద్ద బొమ్మల్లో రామకియెన్ అని వాళ్ళ రామాయణం వేశారు, హనుమంతుడు తెల్లగా మెరిసిపోతూ ఉంటాడు, తోకతో వారధి కట్టేస్తాడు! నేనైతే ఒక్కో బొమ్మ దగ్గర నిలబడి ఇది ఏ ఘట్టం అని పోల్చుకుంటూ పూటంతా గడిపేశా, మే నెల ఎండ మన వైజాగ్ ఉక్కపోతలాగే ఉన్నా లెక్క చెయ్యలేదు. దీన్ని గోడ బయట్నించి చూపించి పంపేస్తారా? నాకు డబ్బుల కంటే ఇదే ఎక్కువ మండింది. అక్కణ్ణించి నడిచి వాట్ ఫో, 46 మీటర్ల పడుకున్న బుద్ధుడు, 300 బాత్. ఎదురుగా థా తియెన్ రేవులో 5 బాత్ ఇస్తే అవతలి ఒడ్డున వాట్ అరుణ్. ఒక్కరోజూ ఒక్కరూ ఏమీ అనలేదు, దారి అడిగితే ఫోన్ ట్రాన్స్‌లేటర్ తీసి మరీ చెప్పారు. ఏమైనా తేడా వస్తే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీష్‌లో మాట్లాడతారు, సేవ్ చేసుకోండి.

వెనక్కొచ్చాక ఏజెంట్‌ని అడిగితే ముందు "షాపింగ్ స్టాప్ మాండేటరీ మేడమ్, అక్కడి వాళ్ళ పాలసీ" అన్నాడు. మరి ప్రైవేట్ అని ఇద్దరి డబ్బులెందుకు తీసుకున్నారు అంటే లోకల్ వెండర్ తప్పు అన్నాడు. ఆఖరికి నెక్స్ట్ ట్రిప్‌లో వెయ్యి తగ్గిస్తాట్ట! మళ్ళీ నీ దగ్గరికి ఎందుకొస్తాను బాబూ. 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రిజిస్టర్ చేశా, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. తేలకపోతే ఇక్కడే జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌లో వేస్తా. టూర్ విదేశంలో జరిగింది కదా అని భయపడక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఎవరైనా ఇలాంటి టూర్ కొనే ఆలోచనలో ఉంటే, ప్రైవేటా ఎస్ఐసీనా, ప్యాలెస్ లోపలికి టికెట్ ఉందా, షాపుల దగ్గర ఎంతసేపు ఆపుతారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మాటల్లో ఆన్సర్ చెప్పి రాసివ్వడానికి నసుగుతున్నాడంటే అక్కణ్ణించి లేచొచ్చేయండి. డబ్బులు పర్సనల్ నంబర్‌కి ఫోన్‌పే చెయ్యమంటే చెయ్యకండి, కంపెనీ అకౌంట్‌కే, జీఎస్టీ బిల్లుతో. ఇంకోటి, ఏజెంట్‌తో వాట్సాప్ చాట్ తెరిచి మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో ఇప్పుడే చూసుకోండి. నా ఏజెంట్ బుకింగ్ రోజే ఆన్ చేసి పెట్టాడు, అదృష్టం కొద్దీ వోచర్ స్క్రీన్‌షాట్లు ముందే మా తమ్ముడికి పంపి ఉండబట్టి ఇప్పుడు కంప్లైంట్‌కి అవే పనికొస్తున్నాయి.