బోరు మోటారుకు ఏ తాడు? మూడు రకాలూ వాడాక నా మాట

మా మామిడి తోట చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఉంది. ఈ పక్క వెయ్యి అడుగులు వేసినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు, మా మోటారు 800 అడుగుల్లో వేలాడుతోంది. పైపు తెగినా మోటారు బోరులో పడిపోకుండా పట్టి ఉంచడానికి కట్టే తాడుగా ఇన్నేళ్ళలో ప్లాస్టిక్, నైలాన్, స్టీలు మూడూ వాడాను.

ముందు బరువు లెక్కేసుకోండి. లోపల 40 మి.మీ. ఉండే పైపులో 800 అడుగులకు నిలిచే నీళ్ళే 300 కిలోలు, నీళ్ళు కిందికి జారనివ్వని వాల్వు పట్టి ఉంచుతుంది కాబట్టి మోటారు పైకి లాగేటప్పుడు అవీ వస్తాయి. ఆ నీళ్ళతో పాటు మోటారు, కేబుల్, పైపు కలిపితే సుమారు ఆరు వందల కిలోలు.

పసుపు ప్లాస్టిక్ తాడు, అదే పాలీప్రొపిలీన్, చవక, నీళ్ళు పీల్చదు. బోరు లోపల ఉన్నదంతా కొత్తదానిలాగే ఉంటుంది, చచ్చేది కేసింగ్ (బోరు పై భాగంలో దించే పెద్ద పైపు) పైన ఎండకు ఉన్న రెండడుగులే. మాదాన్ని వేలితో రుద్దితే పొడి రాలింది, వంచితే పోగులు పుటుక్కున విరిగాయి. మొత్తం బరువు ఆగేదేమో అక్కడే! లోతు బోరుకు వద్దే వద్దు.

నైలాన్ గట్టిదే, కానీ తడిస్తే బలం పది పదిహేను శాతం తగ్గుతుంది, ముడి వేస్తే సగం దాకా పోతుంది. అన్నిటికన్నా దాని సాగుడుతోనే నాకు టెన్షన్. వందకు ఐదు సాగినా 800 అడుగులకు 40 అడుగులు! అంటే పైపు తెగేదాకా తాడు మీద పెద్దగా బరువే పడదు, తెగాక ఒక్కసారిగా పడుతుంది.

ఇప్పుడున్నది 8 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు రోపు. మామూలు మైల్డ్ స్టీలు చదరపు మిల్లీమీటరుకు 42 కిలోల దగ్గర తెగితే, వేడి చేయకుండా సన్నగా లాగిన రోపు తీగ 160 నుంచి 180 కిలోల దాకా ఆగుతుంది. నంబరు చూస్తే జీఐ (జింకు పూత వేసిన స్టీలు) రోపుదే కాస్త ఎక్కువ, అయినా నీళ్ళలో జింకు పూత పోయి తుప్పు మొదలయ్యాక ఆ నంబరుతో పనేముంది? అందుకే నా ఓటు స్టెయిన్‌లెస్‌కే. ధర ఎక్కువే, కానీ బోరులో మోటారు పడిపోతే అయ్యే ఖర్చుతో పోలిస్తే అదొక లెక్క కాదు.

షాపులో "మూడు టన్నులు ఆపుతుంది" అంటే అది తెగే బరువు. అందులో ఐదో వంతే వేలాడదీయాలి, అంటే ఆరు వందల కిలోలు, మాకు అక్కడికక్కడికి సరిపోయింది. రోపు చివర ముడి వేయనివ్వకండి. మడత నలగకుండా లోపల పెట్టే లోహపు రింగు, అదే థింబుల్, పెట్టించి మూడు క్లిప్పులు బిగించాలి, క్లిప్పులోని యూ బోల్టు మడిచి తెచ్చిన పొట్టి కొస మీదకు, గాడులున్న దిమ్మ బరువు మోసే రోపు వైపుకు రావాలి. మెకానిక్‌లు తొందరలో తిరగేసి బిగిస్తుంటారు, అప్పుడు బోల్టు బరువు మోసే రోపునే నలిపేస్తుంది. మోటారు ఎత్తిన ప్రతిసారీ థింబుల్ దగ్గర గుడ్డతో తుడవండి, గుడ్డకు తీగ తగులుకుంటే లోపల పోగులు తెగడం మొదలైనట్టే.

రెండు మూడొందల అడుగుల బోరుకైతే మంచి నైలాన్ చాలు. పైన ఎండ తగిలే ముక్కకు పాత హోస్ పైపు తొడిగించండి.